ఎలక్ట్రికల్ టెక్నీషియన్ సర్టిఫికెట్: పెట్టిన డబ్బు తిరిగొస్తుందో లేదో మీరే లెక్క వేసుకోండి

నాలుగు రోజుల పాటు పైపుల్లో వైర్లు లాగింది, డీబీలో, అంటే డిస్ట్రిబ్యూషన్ బోర్డులో, ఎంసీబీలు (లోడు ఎక్కువైతే తమంతట తామే ఆగిపోయే స్విచ్చులు) బిగించింది, ప్రతి వైరు కొసకీ నంబరు స్లీవు తొడిగింది హెల్పర్. ఐదో రోజు సర్టిఫికెట్ ఉన్న టెక్నీషియన్ వచ్చాడు. మెయిన్ ఆపాడు. కరెంటు నిజంగా పోయిందో లేదో టెస్టర్‌తో చూసి, నమ్మకం లేక మల్టీమీటర్‌తో మళ్లీ చూశాడు. తర్వాత మెగ్గర్ (వైరు తొడుగులోంచి కరెంటు లీకవుతోందేమో కొలిచే మీటరు) తీసి ఒక ప్రోబు వైరు మీద, ఇంకోటి ఎర్తు మీద పెట్టి 500 వోల్టుల బటన్ నొక్కాడు. 0.3 మెగా ఓమ్‌లు చూపించింది. 230 వోల్టుల సర్క్యూట్‌కి ఐఈసీ అనే అంతర్జాతీయ విద్యుత్ సంస్థ ప్రమాణం ప్రకారం కనీసం 1 మెగా ఓమ్ రావాలి. సర్క్యూట్లు ఒక్కొక్కటే విడదీసి కొలుచుకుంటూ వెళ్లాడు. బాత్‌రూమ్ లైను దగ్గర దొరికింది. జంక్షన్ బాక్సు మూత తీస్తే లోపల రెండు నీటి చుక్కలు, కనెక్టర్ పక్కనే. తుడిచి, ఆరబెట్టి, మళ్లీ కొలిస్తే రీడింగు 200 దాటింది. రిపోర్టు మీద సంతకం పెట్టాడు. మొత్తం నలభై నిమిషాలు.

ఆ నలభై నిమిషాలకి అతనికి ముట్టింది హెల్పర్ రెండు రోజుల కూలి.

“అన్నా, పనంతా నాది, డబ్బు నీదా?” అన్నాడు హెల్పర్, సగం నవ్వుతూ.

“పని నీదేరా. రేపు ఇది తగలబడితే పేరు మాత్రం నాది.”

సర్టిఫికెట్ విలువ లెక్కగట్టాలంటే ఈ మాట దగ్గర మొదలుపెట్టాలి. డబ్బు కాగితానికి రాదు. ఆ కాగితం ఉన్నందువల్ల చేయడానికి వీలయ్యే పనికి వస్తుంది. ఫీజు ఎంత, జీతం ఎంత అని రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుని నిర్ణయం తీసుకునేవాళ్లే ఎక్కువ. ఆ రెండూ ఈ లెక్కలో చిన్న అంకెలు. పెద్దవి వేరే ఉన్నాయి, అవి బ్రోచర్లో కనిపించవు.

మొదటి అడుగు: అది ఏ రకం కాగితమో తేల్చుకోండి

“సర్టిఫికెట్” అని మనం ఒకే పేరుతో పిలిచేవి నిజానికి మూడు రకాలు.

ఒకటి, కోర్సుకి హాజరైనట్టు శిక్షణ కేంద్రం ఇచ్చేది. మీరు వచ్చి కూర్చున్నారని చెబుతుందే తప్ప, పని వచ్చని చెప్పదు. రెండోది, పరీక్ష పెట్టి, చేతి పని చూసి ఇచ్చే నైపుణ్య సర్టిఫికెట్. మూడోది లైసెన్సు లేదా పర్మిట్. ఫలానా పని చట్టబద్ధంగా చేయొచ్చు, ఫలానా కాగితం మీద సంతకం పెట్టొచ్చు అని ప్రభుత్వమో, అది నియమించిన బోర్డో ఇచ్చేది ఇదే.

దేశాన్ని బట్టి ఈ మూడూ ఒకదాని తర్వాత ఒకటి వరుసగా వస్తాయి. భారతదేశంలో ఐటీఐ ఎలక్ట్రీషియన్ ట్రేడ్ రెండేళ్లు, వైర్‌మన్ పర్మిట్ మాత్రం వేరే, దాన్ని రాష్ట్ర లైసెన్సింగ్ బోర్డు ఇస్తుంది. ఆస్ట్రేలియాలో సర్టిఫికెట్ త్రీ స్థాయి చదువుతో పాటు సుమారు నాలుగేళ్ల అప్రెంటిస్‌షిప్ ఉంటుంది, లైసెన్సు ఆ తర్వాత. అమెరికాలో చాలా రాష్ట్రాలు జర్నీమ్యాన్ (అప్రెంటిస్ దశ దాటిన ఎలక్ట్రీషియన్) లైసెన్సుకి 8,000 గంటల పని అనుభవం అడుగుతాయి, అంటే ఏడాదికి 2,000 గంటల చొప్పున నాలుగేళ్లు. బ్రిటన్‌లో తరగతి గది చదువు అయ్యాక కూడా ఏఎం2 అనే చేతిపని పరీక్ష దాటాలి. జర్మనీలో మూడున్నరేళ్ల శిక్షణ కంపెనీలోనూ బడిలోనూ కలిపి సాగుతుంది, ఆ కాలమంతా అప్రెంటిస్‌కి జీతం వస్తుంది.

ఆఖరి మాట ముఖ్యం. జీతంతో కూడిన శిక్షణ దొరికే చోట కింద మనం వేయబోయే లెక్క తలకిందులైపోతుంది. మీ దగ్గర అలాంటి అప్రెంటిస్‌షిప్ ఏదైనా ఉంటే ముందు దానికోసం ప్రయత్నించండి. ఫీజు కట్టే కోర్సు గురించి ఆ తర్వాత ఆలోచించొచ్చు.

కాగితం రకం తేలాక ఒకే ఒక్క వాక్యం రాయండి: “ఈ సర్టిఫికెట్ ఉంటే, ఇప్పుడు నన్ను చేయనివ్వని ______ పని చేయగలుగుతాను.” ఖాళీలో ఆ పని పేరు రాయాలి. “మంచి ఉద్యోగం వస్తుంది” అని రాస్తే కుదరదు. “టెస్ట్ రిపోర్టు మీద సంతకం పెట్టగలను”, “ఫ్యాక్టరీ మెయింటెనెన్స్ పోస్టుకి దరఖాస్తు చేయగలను”, “నా పేరు మీద కాంట్రాక్టు తీసుకోగలను”, ఇలా ఉండాలి. వాక్యం రాయలేకపోతే ఇక్కడే ఆగిపోండి. ఫీజు కట్టే వేళ ఇంకా రాలేదన్న మాట.

సర్టిఫికెట్ ఇచ్చేది ఎవరో కూడా చూడాలి. మనుషుల నైపుణ్యాన్ని ధ్రువీకరించే సంస్థలు ఎలా నడవాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది, ఐఎస్ఓ/ఐఈసీ 17024. నేర్పేవాళ్లే పరీక్ష పెట్టి పాస్ చేసేసుకునే పద్ధతి నిష్పాక్షికతను దెబ్బ తీస్తుందన్న జాగ్రత్త అందులో ఉంది. మీరు చూస్తున్న చోట నేర్పేదీ, పరీక్షించేదీ, ముద్ర వేసేదీ ఒక్కరేనా? అయితే ఆ ముద్రకి బయట ఎంత విలువ ఉందో ఇంకో రెండు చోట్ల అడిగి తెలుసుకోండి.

రెండో అడుగు: రూపాయల్లో కాకుండా రోజుల్లో లెక్కపెట్టండి

డబ్బు అంకెలు మనల్ని మోసం చేస్తాయి. ఈఎంఐలో విడగొడితే పెద్ద ఫీజు కూడా చిన్నదిగా కనిపిస్తుంది. అందుకని కొలమానం మార్చుకుందాం. ఇప్పుడు మీకు ఒక రోజు పనికి, ఖర్చులు పోను, చేతికొచ్చే మొత్తాన్ని “ఒక రోజు” అనుకోండి. ఫీజు, పుస్తకాలు, బస్సు చార్జీలు, అన్నిటినీ ఆ మొత్తంతో భాగించండి. ఏ దేశంలో ఉన్నా, ఏ నోట్లతో జీతం తీసుకున్నా లెక్క ఇలాగే నడుస్తుంది. పైగా “ఈ కోర్సు ఖరీదు నా జీవితంలో నాలుగు వందల యాభై పనిరోజులు” అని రాసి చూసుకుంటే వచ్చే గుబులు, డబ్బు అంకె చూస్తే రాదు.

ఇప్పుడు పనిలో లేనివాళ్లు, అంటే అప్పుడే చదువు ముగించినవాళ్లు, కోర్సు లేకపోతే ఏ పనిలో చేరేవాళ్లో ఆ పని రోజు కూలిని కొలమానంగా తీసుకోవాలి. “నేను ఖాళీగానే ఉన్నా, నాకు పోయేదేముంది” అనుకోవడం తప్పు. ఏడాది పాటు ఖాళీగానే ఉండిపోయేవాళ్లేమీ కాదు కదా.

మూడో అడుగు: ఖర్చు మొత్తం బయటికి లాగండి

ఖర్చుల చిట్టా రాస్తుంటే మొదటి నాలుగు వరుసలు ఎవరైనా రాసేస్తారు: ఫీజు, పరీక్ష రుసుము, పుస్తకాలు, ప్రయాణం. అసలు సంగతి ఆ తర్వాతి వరుసల్లో ఉంటుంది.

పోయే కూలి. కోర్సులో ఉన్నన్నాళ్లూ సంపాదించలేని డబ్బు. ఇది ఎవరూ బిల్లు వేయని ఖర్చు, అందుకే మరచిపోతాం. ఫుల్‌టైమ్ కోర్సయితే అన్నిటికంటే పెద్ద ఖర్చు ఇదే.

పనిముట్లు. మల్టీమీటర్ విషయంలో కక్కుర్తి వద్దు. మీటరు మీద క్యాట్ త్రీ, క్యాట్ ఫోర్ అని రేటింగు ఉంటుంది. కరెంటు లైనులో హఠాత్తుగా వచ్చే వోల్టేజీ ఉప్పెనని ఆ మీటరు తట్టుకోగలదా అన్నది ఆ గుర్తు చెబుతుంది. డిస్ట్రిబ్యూషన్ బోర్డు దగ్గర పనికి కనీసం క్యాట్ త్రీ ఉండాలి. ఏ రేటింగూ లేని చవక మీటరుతో మెయిన్ బోర్డు ముందు నిలబడటం కంటే అసలు కొలవకుండా ఊరుకోవడం నయం. ఇన్సులేటెడ్ స్క్రూడ్రైవర్లు, షూలు, గ్లవుజులు కూడా ఇదే ఖాతాలో రాయండి.

రెండోసారి పరీక్ష. మొదటిసారే పాసవుతామనే నమ్మకం మంచిదే, లెక్కలో మాత్రం ఇంకో పరీక్ష రుసుము వేసి ఉంచండి.

రెన్యువల్. చాలా చోట్ల లైసెన్సుని కొన్నేళ్లకోసారి కొత్తగా తీసుకోవాలి, కొన్నిచోట్ల దానికి ముందు కొన్ని గంటల తరగతులు కూడా తప్పనిసరి. నిబంధనలు మారుతూనే ఉంటాయి. అమెరికాలో ఎలక్ట్రికల్ కోడ్ మూడేళ్లకోసారి కొత్త ఎడిషన్ వస్తుంది. బ్రిటన్‌లో వైరింగ్ నిబంధనలు 2018లో 18వ ఎడిషన్‌గా వచ్చి, 2022లో మళ్లీ సవరణకి గురయ్యాయి. ఒకసారి కట్టేసి జీవితాంతం మరచిపోయే ఖర్చు కాదిది.

వడ్డీ. అప్పు చేసి కట్టేవాళ్లకి. 120 రోజుల విలువైన ఫీజుని ఏడాదికి 12 శాతం సాధారణ వడ్డీతో తెచ్చి రెండేళ్ల తర్వాత తీరిస్తే, వడ్డీకే దాదాపు 29 రోజులు పోతాయి. ఒక నెల పైచిలుకు పని, వడ్డీ కోసమే.

ఇప్పుడు ఒక ఊహా ఉదాహరణ. నెలకి 26 రోజులు పనిచేసే హెల్పర్ ఒకతను ఏడాది ఫుల్‌టైమ్ కోర్సు చేద్దామనుకున్నాడు. ఫీజు 120 రోజులు. పనిముట్లు, పుస్తకాలు, పరీక్ష కలిపి 40. ప్రయాణం 25. పన్నెండు నెలల కూలి 312 రోజులు పోవాలి, సెలవు రోజుల్లో పనికి వెళ్లి ఓ 48 రోజులు రాబట్టుకున్నా 264 రోజులు పోయినట్టే. కూడితే 449 రోజులు. చూడండి, ఫీజు అందులో నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. పోయిన కూలి దాదాపు అరవై శాతం. “ఫీజులో డిస్కౌంట్ ఇస్తున్నారు” అని సంబరపడేవాళ్లకి ఈ రెండు అంకెలూ చూపించాలి.

అదే అతను పని మానకుండా సాయంత్రం బ్యాచ్‌లో చేరితే కోర్సు పద్దెనిమిది నెలలు పడుతుంది. ఫీజు 140, పనిముట్లు అవే 40, ప్రయాణం 40, వదులుకున్న ఓవర్‌టైమ్ 60. మొత్తం 280 రోజులు. ఆరు నెలలు ఆలస్యంగా పూర్తవుతుంది కాబట్టి ఆ ఆరు నెలల పై జీతం నష్టపోతాడు. అది ఎంతో తర్వాతి అడుగులో తేలుతుంది. దానికి తోడు రోజంతా నిచ్చెన మీద ఉండి సాయంత్రం తరగతిలో కూర్చుంటే కళ్లు మూతలు పడతాయి. ఇది లెక్కలో రాయలేను, కానీ మధ్యలో మానేసేవాళ్లలో చాలామంది ఓడిపోయేది సిలబస్ చేతిలో కాదు, నిద్ర చేతిలో.

నాలుగో అడుగు: జీతం చూడొద్దు, తేడా చూడండి

ఎక్కువమంది ఇక్కడే పొరపాటు పడతారు. సర్టిఫికెట్ తర్వాత వచ్చే జీతాన్ని ఇప్పటి జీతంతో పోలుస్తారు. కానీ సర్టిఫికెట్ లేకపోయినా రెండేళ్లలో మీ అనుభవం పెరుగుతుంది, దాంతోపాటు కూలీ కాస్త పెరుగుతుంది. పోల్చాల్సింది “సర్టిఫికెట్ ఉన్న రెండేళ్ల తర్వాతి నేను”, “సర్టిఫికెట్ లేని రెండేళ్ల తర్వాతి నేను” అనే ఇద్దరిని.

మన హెల్పర్ సంగతే చూద్దాం. సర్టిఫికెట్ ఉంటే రోజుకి ఇప్పటి కూలికి 1.6 రెట్లు వస్తుందని తెలిసింది. లేకపోయినా అప్పటికి సీనియర్ హెల్పర్‌గా 1.2 రెట్లు వస్తుంది. కాబట్టి సర్టిఫికెట్ సంపాదించి పెట్టేది 0.6 కాదు, 0.4 మాత్రమే. నెలకి 26 రోజుల చొప్పున 10.4 రోజులు, ఏడాదికి దాదాపు 125. ఫుల్‌టైమ్ కోర్సు 449 రోజుల ఖర్చు తిరిగి రావడానికి మూడేళ్ల ఏడు నెలలు పడుతుంది. 0.6తో లెక్కేస్తే రెండేళ్ల ఐదు నెలలే అని వచ్చేది. ఏడాదికి పైగా తేడా, ఒక్క అంకె తప్పుగా తీసుకున్నందుకు. సాయంత్రం కోర్సు 280 రోజులకైతే రెండేళ్ల మూడు నెలలు. ఫుల్‌టైమ్ వాడు ఆరు నెలలు ముందు మొదలుపెట్టినందుకు వచ్చే 62 రోజులని అతని ఖర్చులోంచి తీసేసినా 387 రోజులు మిగులుతుంది, ఇంకా సాయంత్రం బ్యాచే చవక.

ఈ 1.6, 1.2 అనే అంకెలు ఎక్కడినుంచి తేవాలి? శిక్షణ కేంద్రాన్ని అడగొద్దు, వాళ్లు అమ్మకందారులు. ఇవి మీరే పోగుచేసుకోవాలి, దానికి ఓ వారం చాలు. మీరు వెళ్లగలిగే దూరంలో ఉన్న ఎలక్ట్రికల్ ఉద్యోగ ప్రకటనలు ముప్ఫై తీయండి. ఎన్నిటిలో మీరు చేయబోయే సర్టిఫికెట్‌ని పేరుతో సహా అడిగారో లెక్కపెట్టండి. ముప్ఫైలో రెండే అడిగితే ఆ కాగితానికి మార్కెట్ లేనట్టే. తర్వాత ముగ్గురు కాంట్రాక్టర్లకి ఫోన్ చేసి, “సార్, ఈ సర్టిఫికెట్ ఉన్న మనిషికి రోజుకి ఎంతిస్తారు, లేని అనుభవజ్ఞుడికి ఎంతిస్తారు?” అని సూటిగా అడగండి. రెండో సగం అడగడం మరవొద్దు, అసలు జవాబు అందులోనే ఉంది. ఆ కోర్సు చేసి రెండు మూడేళ్లయినవాళ్లు ఇద్దరిని పట్టుకోండి. అప్పుడే పూర్తిచేసినవాళ్లు ఉత్సాహంలో ఉంటారు, వాళ్ల మాట కాస్త తగ్గించి వినాలి. వచ్చిన అంకెల్లో మధ్యది కూడా కాదు, కింది కొసలో ఉన్నదాన్నే లెక్కలోకి తీసుకోండి.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. 1973లో మైకేల్ స్పెన్స్ అనే ఆర్థికశాస్త్రవేత్త ఒక వాదన తెచ్చాడు, 2001లో ఆయనకి నోబెల్ రావడానికి మూలం కూడా అదే ఆలోచన. చదువు మనిషికి ఏమీ కొత్తగా నేర్పకపోయినా, అతను సమర్థుడని యజమానికి సంకేతం ఇవ్వడం ద్వారానే జీతం పెంచగలదన్నది ఆ వాదన. మన పనిలో దీనికి సూటి ఉపయోగం ఉంది. పదేళ్లుగా వైరింగ్ చేస్తున్నవాళ్లకి ఏడాది కోర్సు కొత్తగా నేర్పేది తక్కువ, వాళ్లకి కావాల్సింది సంకేతం మాత్రమే. సంకేతం కోసం ఏడాది కూలి పోగొట్టుకోనక్కర్లేదు. ముందే ఉన్న నైపుణ్యాన్ని పరీక్షించి గుర్తించే ఆర్‌పీఎల్ పద్ధతి భారతదేశం, ఆస్ట్రేలియాతో సహా చాలా దేశాల్లో ఉంది. అనుభవం ఉన్నవాళ్లు మొదట కనుక్కోవాల్సింది ఇది. దాంతో వచ్చే కాగితం మీ వాక్యంలోని పనికి చెల్లుతుందో లేదో మాత్రం లైసెన్సు ఇచ్చేవాళ్లనే అడిగి తెలుసుకోండి.

ఐదో అడుగు: అదృష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి

ఇప్పటిదాకా అంతా సవ్యంగా జరుగుతుందనుకున్నాం. కోర్సులో చేరినవాళ్లలో పదిమందికి ఎనిమిది మంది పూర్తిచేసి పాసవుతారనుకోండి. వాళ్లలో నాలుగో వంతు మందికి ఆ పై జీతం ఇచ్చే పని దొరకదు. అంటే చేరినవాళ్లలో పదికి ఆరుగురే నిజంగా లాభపడతారు. ఏడాదికి 125 రోజుల లాభాన్ని 0.6తో గుణించండి, 75 వస్తుంది. అప్పుడు ఫుల్‌టైమ్ కోర్సు ఖర్చు రాబట్టడానికి ఆరేళ్లు, సాయంత్రం కోర్సుకి మూడేళ్ల తొమ్మిది నెలలు.

ఆరేళ్లంటే మంచా, చెడా? అది మీ వయసుని బట్టి. ఇరవై రెండేళ్ల కుర్రాడికి ఆరేళ్ల తర్వాత ముప్ఫై ఏళ్ల పని మిగిలి ఉంటుంది. యాభై ఐదేళ్ల మనిషికి లెక్క తెరిపిన పడేసరికి రిటైర్మెంట్ వచ్చేస్తుంది. నా వరకు నేను పెట్టుకున్న గీత ఇది: అదృష్టం కలిపాక కూడా నాలుగేళ్లలోపు తిరిగొస్తే ముందుకు వెళ్లొచ్చు, ఏడేళ్లు దాటితే వద్దు, మధ్యలో ఉంటే ఖర్చు తగ్గించే దారి వెతకాలి. వేరేవాళ్లు వేరే గీత పెట్టుకోవచ్చు. కాకపోతే అంకెలు చూడక ముందే గీత గీసుకోండి, చూశాక గీస్తే మన మనసు కోరుకున్న చోటికే అది జరుగుతుంది.

“పాసయ్యేవాళ్లు ఎంతమంది?” అన్న ప్రశ్నకి శిక్షణ కేంద్రాలు “పరీక్ష రాసినవాళ్లలో ఇంతమంది” అని చెబుతాయి. మీరు అడగాల్సింది “మొదటి రోజు చేరినవాళ్లలో ఎంతమంది?” అని. మధ్యలో మానేసినవాళ్లు మొదటి జవాబులో మాయమైపోతారు.

ఆరో అడుగు: అంకెల్లోకి రాని రెండు సంగతులు

మొదటిది ప్రాణం. మనిషి ఒంట్లోంచి సుమారు 10 మిల్లీ ఆంపియర్లు దాటి కరెంటు పారితే కండరాలు బిగుసుకుపోయి, పట్టుకున్న వైరుని వదల్లేకపోవచ్చు. కరెంటు ఇంకా పెరిగితే గుండె లయ తప్పి ప్రాణమే పోవచ్చు. అందుకే లీకేజీని పసిగట్టి లైను ఆపేసి మనుషుల్ని కాపాడటానికి పెట్టే ఆర్‌సీసీబీలు 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే ట్రిప్ అయ్యేలా ఉంటాయి. ఒక చిన్న ఎల్‌ఈడీ దీపం దీనికంటే ఎక్కువ కరెంటు తాగగలదు. చూసి నేర్చుకున్న పనిలో “మెయిన్ ఆపాం కదా” అన్న చోట ఆగిపోతాం. సరైన శిక్షణలో ఆపిన మెయిన్‌కి తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని, ట్యాగు తగిలించి, ముందు పనిచేస్తున్న లైను మీద మీటరుని పరీక్షించి, తర్వాత ఆపిన లైనుని కొలిచి, మళ్లీ పనిచేస్తున్న లైను మీద మీటరుని చూస్తారు. మధ్యలో మీటరే చెడిపోయి సున్నా చూపించిందేమో అన్న అనుమానంతో. ఈ అలవాటు విలువ ఎన్ని రోజులో నేను రాయలేను. కోర్సు ఇది నేర్పకపోతే మాత్రం దాని ధరలో సగం కొట్టేయండి.

రెండోది ఒళ్లు. గోడలు కొట్టి పైపులు వేసే పని నలభై ఐదు దాటాక భుజాలు, మోకాళ్లు చేయనివ్వవు. టెస్టింగ్, ప్యానెల్ వైరింగ్, తప్పు వెతకడం, సూపర్‌వైజింగ్, ఇవి ఇంకో పదిహేనేళ్లు చేయొచ్చు. సర్టిఫికెట్ ఏడాదికి ఎంత ఎక్కువ తెస్తుందన్నదే కాదు, ఇంకెన్నేళ్లు సంపాదించనిస్తుందన్నది కూడా లాభమే.

ఏడో అడుగు: కేంద్రానికి వెళ్లి కళ్లతో చూడండి

ఒకసారి ఒక శిక్షణ కేంద్రంలో నాకు ల్యాబు చూపించారు. అద్దాల బీరువాలో మీటర్లు వరసగా పేర్చి ఉన్నాయి, తళతళలాడుతూ. బీరువాకి తాళం. తాళంచెవి ఎవరి దగ్గరుందని అడిగితే ఆ రోజు సెలవులో ఉన్న మనిషి దగ్గరన్నారు. బయటికొచ్చి ప్రాక్టికల్ బోర్డులు చూశాను. టెర్మినల్ స్క్రూల తలలు కొత్తగా, గీత పడకుండా ఉన్నాయి. ఆ స్క్రూలని ఎవరూ తిప్పలేదని అర్థం. అక్కడ చేరలేదు.

మీరు వెళ్లినప్పుడు స్క్రూలు చూడండి. పని జరిగే ల్యాబులో స్క్రూ తలలు అరిగి ఉంటాయి, వైరు ముక్కలు కింద పడి ఉంటాయి, మీటర్ల మీద గీతలుంటాయి. ఒక్కో బోర్డు దగ్గర ఎంతమంది నిలబడతారో అడగండి. ఎనిమిది మందైతే ఇద్దరు చేస్తారు, ఆరుగురు చూస్తారు. వారానికి చేతిపని గంటలెన్నో కాగితం మీద రాసివ్వమనండి. మోటార్ స్టార్టర్‌ని ఖాళీ ప్యానెల్ మీద మీ చేత కట్టిస్తారా, కావాలని తప్పు పెట్టి వెతకమంటారా అని అడగండి. తప్పు వెతకడం నేర్పని కోర్సు వైరింగ్ నేర్పుతుందేమో గానీ టెక్నీషియన్‌ని తయారు చేయదు.

నూటికి నూరు శాతం ఉద్యోగ హామీ అన్న బోర్డు కనిపిస్తే, ఆ హామీని ఫీజు రసీదు మీద రాసిమ్మని అడిగి చూడండి. మొహం మారుతుంది.

పీఎల్‌సీ (యంత్రాల్ని నడిపే ఫ్యాక్టరీ కంప్యూటర్), వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే పరికరం), సోలార్, ఈవీ చార్జర్ లాంటి అదనపు కోర్సుల గురించి ఒక్క మాట. ఫ్యాక్టరీలో పీఎల్‌సీ కొత్త వింతేమీ కాదు, మొదటి పీఎల్‌సీలు 1960ల చివర్లో కార్ల తయారీలో రిలే ప్యానెళ్ల స్థానంలో వచ్చాయి. అయినా దానికి రాసే లాడర్ ప్రోగ్రామ్ చదివి తప్పు ఎక్కడుందో చెప్పగల మనిషికి మెయింటెనెన్స్‌లో గిరాకీ ఉంది. కానీ కాంటాక్టర్, రిలే అనే కరెంటుతో పనిచేసే స్విచ్చుల పని తెలియకుండా పీఎల్‌సీ నేర్చుకోవడం అక్షరాలు రాకుండా పద్యం బట్టీ పట్టడం లాంటిది. ముందు మూల సర్టిఫికెట్, ఓ రెండేళ్ల పని, ఆ తర్వాతే ఇవి. ఒక్కోదానికీ ఇదే లెక్క విడిగా వేయండి.

వేరే దేశం వెళ్లే ఆలోచనతో చేసేవాళ్లకి ఇంకో జాగ్రత్త. కరెంటు అన్ని చోట్లా ఒకేలా పారుతుంది, నిబంధనలు అలా కావు. ఒకచోట 230 వోల్టులు, 50 హెర్ట్జ్, ఇంకోచోట 120 వోల్టులు, 60 హెర్ట్జ్. వైర్ల రంగులు వేరు, కోడ్ వేరు. ఒక దేశపు లైసెన్సు చాలావరకు ఇంకో దేశంలో నేరుగా చెల్లదు, మళ్లీ నైపుణ్య అంచనా, స్థానిక నిబంధనల పరీక్ష తప్పవు. ఆ ఖర్చుని, దానికి పట్టే నెలల్ని మూడో అడుగులోని చిట్టాలో కలపకుండా విదేశీ జీతాన్ని నాలుగో అడుగులో రాయడం మనల్ని మనమే మోసం చేసుకోవడం.

ఎనిమిదో అడుగు: కట్టే ముందు, కట్టిన తర్వాత

అంకెలన్నీ ఒక కాగితం మీదికి తెచ్చాక మూడు సార్లు చెడగొట్టి చూడండి. మొదటిసారి జీతం తేడాని సగం చేయండి. రెండోసారి కోర్సు ఆరు నెలలు ఆలస్యమైందనుకోండి. మూడోసారి మొదటి పరీక్ష తప్పారనుకోండి. మన ఉదాహరణలో తేడాని 0.4 నుంచి 0.2కి దించితే, పదికి ఆరు అదృష్టంతో కలిపి ఫుల్‌టైమ్ కోర్సు ఖర్చు తిరిగి రావడానికి పన్నెండేళ్లు పడుతుంది. సాయంత్రం కోర్సుకి ఏడున్నరేళ్లు. అంత ఘోరంగా జరగకపోవచ్చు. కానీ జరిగితే ఇల్లు గడుస్తుందా అన్న ప్రశ్నకి జవాబు ముందే తెలిసుండాలి, ముఖ్యంగా మీ సంపాదన మీద ఇంకో ముగ్గురు ఆధారపడి ఉంటే.

ఫీజు ఒక్కసారే కట్టకండి, వాయిదాలు అడగండి. మానేస్తే ఎంత వెనక్కిస్తారో, ఏ తేదీలోపు అడగాలో రసీదు మీద రాయించుకోండి. ఆ తేదీకి మూడు రోజుల ముందు ఫోన్‌లో అలారం పెట్టుకోండి. అలారం మోగేసరికి మీ చేత్తో కనీసం ఒక సర్క్యూట్ కట్టి, మీటరుతో కొలిచి, ఒక తప్పు వెతికి ఉండాలి. ఇంకా బ్లాక్‌బోర్డు మీద ఓమ్ సూత్రం దగ్గరే ఉంటే, మర్నాడు పొద్దున్నే ఆఫీసు గదికి వెళ్లి మిగతా డబ్బు అడిగేయండి.